ఆగమంటే ఆగిన నళిని విషయమై

బార్ లైసెన్సుల విచారణాధికారి గారి సముఖమునకు,
నాంపల్లిలో కళ్లద్దాల దుకాణం నడుపుకొనే బి. సదాశివ, బి.ఎస్సీ., రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: అబిడ్స్‌లోని రజతకలశం బార్ అండ్ రెస్టారెంటు లైసెన్సు పునరుద్ధరణకు అభ్యంతరం, నా భార్య నళిని మరణంలో సదరు బార్ బాధ్యతను నిర్ణయించుట గురించి.

పై విషయమై ఇది నా రెండవ అర్జీ. మొదటి దానికి, సంఘటన లైసెన్సు పొందిన ఆవరణకు వెలుపల జరిగినందున జోక్యం చేసుకొనుటకు వీలులేదని తమ కార్యాలయం జవాబిచ్చింది. దానితో పాటు బార్ యాజమాన్యం ఇచ్చుకున్న వివరణ ప్రతిని కూడా పంపారు. ఆ వివరణ చదివాక మళ్లీ రాయక తప్పలేదు.

1. మొన్న మార్చిలో ఒక ఆదివారం మధ్యాహ్నం నేను, నా భార్య అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనుక్కొని ఇంటికి నడిచి వస్తున్నాము. ఆమె బడిలో లెక్కల టీచరు. ఆమె ముందు, పుస్తకాల సంచితో నేను వెనక. రజతకలశం ముందుకు రాగానే సెక్యూరిటీ గార్డు విజిల్ ఊది చెయ్యి అడ్డం పెట్టాడు. కస్టమర్ కారు బయలుదేరేటప్పుడు నడిచేవాళ్లను, ఆటోలను ఆపడం ఆ బార్ పద్ధతి. నళిని ఆగింది. కస్టమర్‌ను ఇద్దరు వెయిటర్లు చెరొక రెక్క పట్టుకొని మెట్లు దింపారు. బార్ వారి డ్రైవరు అప్పటికే కారు తెచ్చి గేటు బయట రోడ్డు వారగా నిలిపి ఉంచాడు. అతను దిగి, ఆ మనిషిని స్టీరింగు ముందు కూర్చోబెట్టి, తలుపు వేసి, సలాం కొట్టాడు. కారు ముందుకు పోవలసింది. వెనక్కి వచ్చింది. కారు వెనక, గార్డు ఆపిన చోటే నళిని ఉంది.

2. పోలీసు కేసు కారు నడిపిన వ్యక్తి మీద మాత్రమే నమోదైంది. అతను బెయిలు మీద ఉన్నాడు. బార్‌ను కూడా చేర్చమని అడిగితే స్టేషన్‌లో ఒకాయన, "నడిపినోడు దొరికిండు గద సార్. పోసినోన్ని గూడ లోపలెయ్యాల్నంటే సగం అబిడ్స్ ఖాళీ అయితది" అన్నారు. తరువాత నా మొహం చూసి చాయ్ తెప్పించారు.

3. తమ కార్యాలయంలో గుమాస్తా స్నేహలత గారు నా అర్జీ ఓపికగా చదివారు. "గ్లాసు దాకా మాది సార్. స్టీరింగు పోలీసోళ్లది" అన్నారు. ఆమె మీద నాకు ఫిర్యాదు లేదు. గ్లాసుకు, స్టీరింగుకు నడుమ మనిషిని మోసుకొచ్చిన రెండు జతల చేతులు ఎవరి పరిధిలోకి వస్తాయో తెలుపగలరని మాత్రమే ప్రార్థన.

4. బార్ మేనేజరు శశికిరణ్‌ను కూడా కలిశాను. ఆయన కౌంటరు వెనక గోడకు "మత్తులో ఉన్నవారికి మద్యం సరఫరా చేయబడదు" అని బోర్డు ఉంది. అద్దం తుడిచి శుభ్రంగా ఉంచారు. మా మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"అంకుల్, మా పూచీ గేటు దాకనే. గేటు దాటినంక రోడ్డు సర్కారుది."

"సర్కారు రోడ్డు మీద మీ విజిల్ ఏమిటి?"

"గది సర్వీసు అంకుల్. పెద్ద పెద్దోళ్లొస్తరు. కస్టమర్‌కు జర ఇజ్జత్ ఇయ్యాలె గద."

"నడవలేని మనిషిని కారెక్కించారు."

"మేం ఎక్కియ్యకుంటె ఆయనే ఎక్కుతడు. పడితె గది గూడ మా మీదికే వస్తది. పరేషాన్ మాకే."

పడితే తమ మీదికి వస్తుందని వారికి తెలుసు. అందుకే పడకుండా పట్టుకున్నారు.

5. ఏ చట్టం, ఏ సెక్షన్ అని తమ జవాబులో అడిగారు. నాకు తెలియదు. నా దుకాణంలో కంటి డాక్టరు కూర్చుంటారు. పరీక్షకు చుక్కలు వేస్తే కొన్ని గంటలు చూపు సరిగా ఆనదు. బండి మీద వచ్చినవారికి ముందే ఆ సంగతి చెప్పి, తాళం తోడు వచ్చినవారి చేతికి ఇప్పిస్తాము. తోడు లేకపోతే కుర్చీ వేసి కూర్చోబెడతాము. కొందరు తిడతారు. "నా బండి, నా ఇష్టం" అంటారు. తిట్లు పడతాము, తాళం ఇవ్వము. ఏ సెక్షన్ చెప్పిందని ఇలా చేస్తున్నామో కూడా నాకు తెలియదు. చూపు చెడగొట్టింది మేము కనుక చేస్తున్నాము.

6. ఇక బార్ వివరణ. అందులో ఇలా ఉంది: "మృతురాలు, మా గార్డు విజిల్ ఊది హెచ్చరించినప్పటికీ ఆగక, కారు వెనక నుంచి దాటబోయి ప్రమాదానికి గురైనది." దీనికి గార్డు వెంకటనర్సయ్య వేలిముద్రతో వాంగ్మూలం జతచేశారు. గేటు దాటితే రోడ్డు తమది కాదంటారు. ఆ రోడ్డు మీదే తాము హెచ్చరించామంటారు. రెండూ ఒకే కాగితంలో, ఒకే సంతకం పైన ఉన్నాయి. తమ కార్యాలయం రెండింటినీ స్వీకరించింది.

వెంకటనర్సయ్య పోయిన వారం నా దుకాణానికి వచ్చాడు. కళ్లద్దాల కోసం వచ్చాడనుకున్నాను. కౌంటరు దగ్గరే నిలబడ్డాడు.

"సార్, అమ్మను ఆపింది నేనే. అమ్మ ఆగింది. ఆగలేదని రాసి నాతోని వేలు పెట్టిపిచ్చిన్రు."

"ఎందుకు పెట్టావు?"

"పెట్టకుంటె కేసు నీ మీదికి మలుపుతమన్నరు. భయమైంది సార్."

అతనే మళ్లీ అన్నాడు. "రోజూ విజిల్ ఊదుత. ఎవ్వరాగరు సార్. ఆటోలోళ్లు తిట్టుకుంట పోతరు. అమ్మనే ఆగింది. అమ్మ గూడ తిట్టుకుంట పోతె మంచిగుండు."

కూర్చోమన్నాను. కూర్చోలేదు. తమరు పిలిస్తే వచ్చి ఇదే చెబుతానన్నాడు. అతని ఉద్యోగం ఇప్పటికే పోయింది.

కావున తమరు దయతో,

వెంకటనర్సయ్యను పిలిపించి, యాజమాన్యం ఎదుట లేకుండా అతని మాట వినవలెను. అతనిని నిందితునిగా నిలబెట్టి బార్ తప్పించుకొనే వీలు ఇవ్వరాదు. మత్తులో ఉన్న మనిషిని స్టీరింగు ముందు కూర్చోబెట్టింది బార్ మనుషులే కనుక లైసెన్సు పునరుద్ధరణ నిలిపివేయవలెను. వీటిలో ఏదీ వీలుకాని పక్షంలో, "ఆగక" అన్న ఒక్క మాటనైనా ఫైలు నుంచి కొట్టివేయవలెను. నష్టపరిహారం నేను ఈ అర్జీలో అడగలేదు. ఆ మాట ఎత్తి మేనేజరు ఇద్దరు పెద్దమనుషులను ఇంటికి పంపించాడు. తలుపు దగ్గరే మాట్లాడి పంపివేశాను.

నా మనవి ఇంతే. తీరిక చేసుకొని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బి. సదాశివ
(నళిని భర్త)

తా.క.: పోలీసులు అడగనందున ఒక సంగతి నా వాంగ్మూలంలో రాలేదు. గార్డు ఆపగానే నళిని ఆగి, వెనక్కి తిరిగింది. నేను సంచి మోస్తూ తల వంచుకొని వస్తున్నాను. తరగతిలో అల్లరి పిల్లలను ఆపినట్టు అరచెయ్యి చూపించి, "జర ఆగుండ్రి. కారు పోనీయుండ్రి" అంది. నేను ఆగాను. కారు నా దాకా రాలేదు. ఆమె ఆగలేదన్న కాగితం మీద తమరు సంతకం పెట్టేటట్లయితే, ఆ రోజు ఆమె ఆపితే ఆగిన మనిషి ఒకడు తమ ఆఫీసు వరండాలోనే కూర్చొని ఉంటాడు. నన్ను లోపలికి పిలిచి, నా ఎదుట పెట్టండి.