మొదటి ఫిర్యాదు

ఒట్టావా, మార్చి 3

ప్రియమైన హలీమో అక్కా,

గెలిచాం. వలస వచ్చినవాళ్ళకూ శరణార్థులకూ సేవ చేసే మా సంస్థలో జాతి వివక్షను అడ్డుకునే విధానానికి బోర్డు నిన్న ఒప్పుకుంది. పై కుర్చీలన్నీ తెల్లవాళ్ళకే అనే రోజులు పోయినట్టే. ఇకమీద ఎవరు ఫిర్యాదు చేసినా నా కమిటీ విని తీరాలి. శరణార్థి శిబిరంలో నీళ్ళ వరుసలో నా కోసం పోట్లాడేదానివే, ఆ మొండితనమే నాకూ అంటుకుంది.

మన నూర్తో మా దగ్గర దుభాషి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుందట. ఒక తల్లి కడుపున పుట్టకపోయినా, నీ కూతురంటే నా కూతురే. బెంగపడకు.

నీ చెల్లెలు,
హోదన్

కిచెనర్, మార్చి 12

ప్రియమైన చెల్లీ,

నీ ఉత్తరంతో కడుపు నిండింది. ఈ ఉద్యోగం రాకపోతే నూర్తో చదువు మానేసి నాతోపాటు కోళ్ళ ఫ్యాక్టరీకి వస్తానంటోంది. నా చేతులు చూసి కూడా ఆ మాట అంటోంది పిచ్చిది.

మీ సోమాలీ వేరు, తరతరాలుగా మీ పొలాల్లో పనిచేసిన మా బంటూల మాయ్ భాష వేరు. మా తల్లులు మీ ఆఫీసులో ఏమీ అర్థంకాక ఊరికే తలలూపి వస్తున్నారట. నూర్తోకు రెండూ వచ్చు.

నీ
హలీమో

ఒట్టావా, ఏప్రిల్ 2

ప్రియమైన అక్కా,

ఎలా రాయాలో తోచడం లేదు. నూర్తోకు రాలేదు. ఎంపిక చేసిన ముగ్గురమూ సోమాలీలమే. "పిల్ల చురుకే గానీ సోమాలీ శుభ్రంగా లేదు, పొలం పనోళ్ళ యాస" అన్నారు మిగతా ఇద్దరూ. నేనూ కాదనలేకపోయాను. ఇందులో వివక్షేం లేదక్కా, మనమంతా నల్లవాళ్ళమే కదా.

హోదన్

కిచెనర్, ఏప్రిల్ 15

ప్రియమైన హోదన్,

నూర్తో ఇంటర్వ్యూ గది దాటకముందే మీ ముగ్గురిలో ఒకాయన, మా బంటూలను మీవాళ్ళు తిట్టే ఆ పాత మాటతోనే, "ఈ గట్టి జుట్టోళ్ళు కూడా ఇక మన పక్కన కూర్చుంటారా?" అన్నాడట. నువ్వు నవ్వలేదట. ఏమీ అనలేదట కూడా.

శిబిరంలో మీ ఇంట్లో టీ కాచింది నేను. అందరికీ పోశాక నా గ్లాసు తీసుకుని గుడారం బయట కూర్చునేదాన్ని. మీ అమ్మ ఎన్నడూ తిట్టలేదు, లోపలికి రమ్మనీ అనలేదు. నువ్వొక్కదానివే నీ గ్లాసు పట్టుకుని నా పక్కకు వచ్చేదానివి. అలా బయటికి వచ్చిన ఆ చిన్నప్పటి నీ కోసమే ఇది రాస్తున్నాను.

మీ కొత్త విధానం కింద మొదటి ఫిర్యాదు నూర్తో పెట్టింది. అందులో నీ పేరూ ఉంది. పెట్టమన్నది నేనే. ఇంకొకరి నోట వినడం కంటే నా చేతిరాతలో చదవడం నీకు నయమనిపించింది.

ఈ ఫిర్యాదు వరకైనా కమిటీ కుర్చీ దిగి, జవాబు చెప్పుకునేవాళ్ళ ఎదుటి కుర్చీలో కూర్చో. నాకు కోపంగా ఉంది, ఏడుపూ వస్తోంది. విచారణ రోజు ఫ్లాస్కులో టీ తెస్తాను. ఈసారి ఇద్దరం లోపలే కూర్చుని తాగుదాం.

ఇప్పటికీ నీ అక్క,
హలీమో