మన ఊరి మొదటి కేసు

కాలువగట్టు,
ముత్తుకూరు దగ్గర,
సెప్టెంబరు, 1964

ప్రియమైన జయకు,

వందనాలు. మదరాసులో సరుగుడు కట్టెలు దించి వచ్చిన పడవలతోపాటే కలరా కూడా వచ్చింది. గంగులయ్య పడవ దిగిన రోజే పోయాడు, తర్వాత ఆయన భార్య. ఈ డిస్పెన్సరీకి డాక్టరు లేక రెండేళ్ళయిందని నీకు తెలుసు. ఉన్నది కాంపౌండరునైన నేనూ, మూడు సెలైను సీసాలూ. నువ్వు నర్సుగా ఉన్న పెద్దాసుపత్రి తరఫున అడిగి ఎట్లాగైనా సీసాలు పంపించు. ఊరంతా నా మొహమే చూస్తున్నారు. చాలా అలసిపోయాను జయా.

నీ బావ,
సంజీవరావు

నెల్లూరు

ప్రియమైన బావకు,

అడిగాను. హెల్తు ఆఫీసరు గోడమీది జిల్లా పటం చూపించాడు. రైలు దారి పొడుగునా, రోడ్డు పొడుగునా కలరా కేసుల ఎర్ర గుర్తులు. మన కాలువ పక్కన ఒక్కటీ లేదు. "డాక్టరు చూసి కలరా అని రాస్తేనే కేసమ్మా. మీ ఊళ్ళో కేసులు లేవు గదా, సీసాలెందుకు?" అన్నాడు. డాక్టరే లేడయ్యా అంటే, దానికి వేరే అర్జీ పెట్టుకోమన్నాడు. ఒళ్ళు మండిపోయింది. ఇక్కడ మా వార్డులో మంచానికో సీసా వేలాడుతోంది. తేరుకున్నవాళ్ళు గంజి చప్పగా ఉందని నాతో పోట్లాడుతున్నారు.

ఎవరినైనా ఇక్కడికి పంపు. డాక్టరు చేత రాయిస్తాను. నువ్వు మాత్రం కాచిన నీళ్ళే తాగు. పనిలో పడితే నీకు ఒళ్ళు తెలియదు.

నీ జయశీల

కాలువగట్టు

ప్రియమైన జయా,

ఇద్దరిని బండెక్కించాం. ఇద్దరూ ముత్తుకూరు దాటకముందే పోయారు. శవాలను నెల్లూరు దాకా ఎవరు తెస్తారు? బండి వెనక్కి తిప్పుకొచ్చారు. ఇక ఎవరూ ఎక్కమంటున్నారు. "పోయేదేదో ఇంట్లోనే పోతాంలే అయ్యా" అంది చెంచమ్మ. నిన్న ఆమె కూతురికి ఆఖరి సీసా ఎక్కించాను. పిల్ల బతికింది.

పొద్దుటి నుంచి నాకు కడుపులో బాగాలేదు. కంగారుపడకు. మళ్ళీ దొడ్డికి వెళ్ళాలి, ఆపుతాను.

నీ బావ

కాలువగట్టు

ప్రియమైన బావకు,

కళ్ళు తెరిచేసరికి పక్కన నేను లేనని అలిగావట. మా వార్డు సిస్టరు కబురు పంపింది. అలిగే ఓపిక వచ్చినందుకు ప్రభువుకు స్తోత్రం.

ఊళ్ళోవాళ్ళు నిన్ను పెద్దాసుపత్రి ముందు బండిలోంచి దించినప్పుడు నాడి నాకు దొరకలేదు. సీసా మీద సీసా ఎక్కించాక దొరికింది. డాక్టరు నీ చీటీ మీద కలరా అని, కింద మన ఊరి పేరు రాశాడు. అది పట్టుకుని ఆఫీసుకు పరిగెత్తాను. "మీ ఊళ్ళో ఇదే మొదటి కేసు. తొందరగానే కనిపెట్టాం" అన్నాడు ఆఫీసరు. ఎంత మాట అనాలనిపించిందో! నోరు జారితే ఇవ్వడేమోనని సీసాలు మాత్రమే అడిగాను. రెండు పెట్టెల నిండా ఇచ్చాడు. నిన్ను వదిలి వాటితో ఇక్కడికి వచ్చేశాను. తిట్టుకుంటే తిట్టుకో.

సీసాలు దూలానికి కట్టి ఎక్కిస్తున్నాం. నేను వచ్చాక ఎవరూ పోలేదు.

భార్యను పోగొట్టుకున్న పెంచలయ్య ఇందాక వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నీ ఒంట్లో ఎట్లా ఉందని అడిగాడు. బాగుందని చెప్పాను. సీసాల వంక చూసి, "అయ్యకు ఈ రోగం ముందే వచ్చుంటే బాగుండేదమ్మా. మా ఆడమనిషి బతికుండేది" అన్నాడు.

నాకు కోపం రాలేదు బావా.

నీ జయ