నంబరులో ఆరంకెలు

రాయచోటి, 2009, శుక్రవారం రాత్రి

ఏడుపు కూడా రావడం లేదు. పెళ్లి సంబంధాల వెబ్‌సైటులో మూడు నెలలకు కట్టిన వారానికే మూఢం వచ్చింది. "మూఢంలో సంబంధాలు చూడగూడదు, తెరవగాకు" అని అమ్మ లాప్‌టాప్‌ను బీరువాలో పెట్టేసింది. మూఢం నిన్న పోయింది. గడువు ఈరోజే ఆఖరు.

బడిలో పాఠాలు చెప్పి రాగానే ఐదింటికి సైటు తెరిచాను. కడప లెక్చరరు ఒకాయన తన నంబరుకు ఫోన్ చేయమని రాశాడు. ఎంత మర్యాదగా రాశాడో! డబ్బు కట్టినవాళ్లకే కనబడే ఆ నంబరు కోసం నొక్కబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఇంకా వర్జ్యం ఉండాది మే, ఆరు దాటనీ."

ఆగాను. నాదే బుద్ధిలేనితనం. ఆరింటికి రోజూ కరెంటు పోతుందని తెలియదా నాకు? నాలుగు గంటలొస్తుందన్న బ్యాటరీ, ఏడాదైనా కాలేదు, పది నిమిషాలు కూడా రాలేదు. నంబరు తెరుచుకుంది. ఆరంకెలు రాసుకునేసరికి తెర నల్లబడింది.

ఎనిమిదింటికి కరెంటు వచ్చింది. సైటు తెరిస్తే, ఆరోజు మేం కట్టింది ఏడింటికట, ఏడింటికే గడువు అయిపోయిందట. నంబరు ఉన్నచోట చుక్కలు.

"మళ్లా కడదాంలే. మంచిరోజు ఎప్పుడుండాదో అయ్యోరిని అడుగుతా" అంది అమ్మ.

నాకు ముప్పై నాలుగు. మిగిలిన నాలుగంకెలూ తోచినవి పెట్టి, రేపటి నుంచి ఒక్కొక్క నంబరుకే ఫోన్ చేసి చూడనా...