రేవులో ఇంజను ఆపకు నాన్నా

ఒమన్ నుంచి,
గురువారం.

నాన్నకి, నీ కూతురు సత్యవేణి దండం పెట్టి రాస్తున్నది.

ఈ ఉత్తరం ఇవాళే రాయాల్సి వచ్చింది. ఏరువాక పున్నమి వెళ్లగానే అప్పారావు మేస్త్రీ గారు వచ్చి మన పడవ ఇంజనుకి ఇంకాస్త డీజిల్ పోయేలా పంపు పెంచుతారని అన్నయ్య చెప్పాడు. ఇక్కడ లారీ నడిపే రాజోలు భద్రం బాబాయి రేపు సెలవు మీద విమానం ఎక్కుతున్నాడు. ఆయన చేతికిస్తే మేస్త్రీ గారి కంటే ముందు ఈ కాగితం మన ఇంటికి చేరుతుంది. ఫోనులో చెప్పాలని చూశాను. నువ్వు "ఆయ్, అలాగేలేమ్మా, అలాగే" అంటూ ఫోను అమ్మకిచ్చేశావు. నువ్వు అలా అన్నావంటే వినలేదనే అర్థం. అన్నయ్య చదువుతాడు, నువ్వు కూర్చుని విను. అన్నయ్యా, నీకు కూడబలుక్కుని చదవడం కష్టమని పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను. విసుగొచ్చి మధ్యలో ఆపేయకు.

అమ్మ మోకాలు ఎలా ఉంది? పడవకి గెడ వేసేటప్పుడు నీ కుడి భుజం ఇంకా పట్టేస్తోందా? వదిన దగ్గు తగ్గిందా? నేను బాగున్నాను. నిజంగానే బాగున్నాను. ఇక్కడ ఎండ మన రోహిణి కార్తె ఎండలా ఉండదు. చెమట పట్టిందని తెలిసేలోపే ఆవిరైపోతుంది. పెదాలు పగులుతాయి, అంతే. వేడిగాలి వీస్తే ఇసక కంచంలోకి వస్తుంది. నాతో గదిలో ఇద్దరు కేరళ నర్సులు ఉంటారు. వాళ్లు కూరలో కొబ్బరి వేసిన రోజు మాత్రం రెండు ముద్దలు ఎక్కువ తింటాను. ఏరు లేని ఊళ్లో ఉండటం ఇంకా అలవాటు కాలేదు. సాయంత్రం ఎటు తిరిగి నిలబడాలో తెలియదు. కానీ బెంగపడొద్దు, బాగానే తింటున్నాను.

నా పని ఏమిటో నీకు ఎప్పుడూ సరిగా చెప్పలేదు. కొండల మీదికి రాయి మోసే పెద్ద లారీలు మా షెడ్డుకి వస్తాయి. బండికి ఇంకాస్త లాగుడు కావాలని ఓనర్లు అడుగుతారు. అడగగానే ఎవరూ స్పానర్ పట్టుకోరు. ఆ బండి ఏం మోస్తుంది, ఏ దారిలో వెళ్తుంది, ఊపిరి తీసుకోకుండా ఎంతసేపు లాగుతుంది అని ముందు అడగాలి. ఏది ముందు మార్చాలి, ఏది తర్వాత, ఏది అసలు ముట్టుకోకూడదు అని వరస వేయాలి. ఆ వరస వేయడమే నా పని. మొదట్లో డ్రైవర్లు నన్ను చూసి నవ్వుకునేవారు. ఇప్పుడు నవ్వడం మానేశారు.

మన పడవకి లారీ ఇంజను ఎందుకు తెచ్చావో నాకు తెలుసు నాన్నా. నిరుడు వరదకి లంకలో చిక్కుకున్న అత్త కోసం నువ్వూ అన్నయ్యా బయలుదేరారు. పాత ఇంజను ఎంత మొత్తుకున్నా, పడవ ముక్కు లంక వైపే ఉన్నా, పాయలో కిందికి జారిపోయారు. చివరికి తిప్పుకుని వచ్చేశారు. అత్త పశువుల పాక కప్పు మీద రెండు రాత్రులు కూర్చుంది. గేదెలు పోయాయి. ఆవిణ్ణి వేరే పడవలో తెచ్చాక నీతో అన్న మాట అన్నయ్య నాకు చెప్పాడు. "ఏరా తమ్ముడూ, నీ పడవ వస్తన్నట్టు కనపడిందిరా. తిరిగిపోడం కూడా కనపడింది." ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే నీకు తేలికయ్యేది. ఈ ఏడు కూడా ఆవిడ లంక వదలనంటోంది. వరద రాక మానదు. నీకు లాగుడు కావాలి. కాదని నేను అనను.

నేను భయపడేది వేరే దానికి. ఇంజను చాలకపోతే తిరిగి రావచ్చు. లంక నుంచి జనాన్ని ఎక్కించుకుని పాయ నడుమకి వచ్చాక ఇంజను చచ్చిపోతే తిరగడానికి ఏమీ ఉండదు.

మేస్త్రీ గారితో ఫోనులో మాట్లాడాను. "ఎన్ని లారీలకి పంపు తిప్పేనో లెక్క లేదమ్మా ఇంజనీరమ్మా. ఒక్కడంటే ఒక్కడు తిరిగొచ్చి అడగలేదు" అన్నారు.

"తిరిగి రాలేదంటే బాగున్నట్టేనాండీ?" అన్నాను.

"అమ్మమ్మమ్మ, మీ నాన్న నోట్లో నాలుక లేనోడు. నీకెక్కణ్ణించొచ్చిందమ్మా ఈ మాట!" అని పెద్దగా నవ్వేరు. మంచి మనిషే. ఆయన లారీలు బాగానే ఉండి ఉంటాయి. కానీ లారీకి పల్లం వస్తుంది, గేరు మారుస్తారు, గేటు దగ్గర ఆగుతుంది. అక్కడక్కడ ఇంజను చల్లబడుతుంది. ఏటికి ఎదురెక్కే పడవకి పల్లం ఎక్కడుంది నాన్నా? రేవు వదిలింది మొదలు అవతలి రేవు దాకా ఎత్తే. అదే పంపు, అదే ఇంజను, లారీలో బతికింది పడవలో కాలిపోతుంది.

అందుకని మన ఇంజనుకి కూడా వరస వేశాను. మేస్త్రీ గారిని పక్కన కూర్చోబెట్టుకుని వినండి. పంపు అన్నిటికంటే చివర. మొదట ఇంజను ఆరోగ్యం చూడమనండి. విప్పిన లారీ నుంచి తెచ్చింది కదా, నాలుగు సిలిండర్లూ సమంగా పనిచేస్తున్నాయో లేదో, టర్బో (అదేమిటో కింద చెబుతాను) ఇరుసు వేలితో ఊపితే కదులుతోందో లేదో తెలియకుండా బలం పెంచితే జ్వరంలో ఉన్నవాడి చేత బస్తా ఎత్తించినట్టే. తర్వాత పొగగొట్టం ఎంత కాలుతోందో చూపించే మీటరు ఒకటి కావాలి. నీ చెవి మీద నాకు నమ్మకం ఉంది. కానీ ఆ వేడి చెవికి వినపడదు. ఆ మీటరు ఇక్కడ కొని భద్రం బాబాయి సంచిలో పెట్టాను. అన్నయ్య దాన్ని నీ చుక్కాని దగ్గర, నీ కంటికి ఎదురుగా బిగించాలి.

ఆ తర్వాత నీళ్లు. ఇప్పుడు ఏటి నీళ్లని నేరుగా ఇంజనులోకి పోనిచ్చి బయటికి వదులుతున్నాం. వరదలో ఆ ఎర్రనీళ్లతో పాటు ఒండ్రు వెళ్తుంది. లోపలి దారుల్లో పేరుకుపోతుంది. ఎప్పుడు బాగా పనిచేయాలో అప్పుడే పూడుకుపోతుంది. అలా కాకుండా మంచినీళ్లు ఇంజనులోనే తిరగాలి. ఆ నీళ్లు పడవ అడుగున కట్టిన గొట్టంలోంచి వెళ్లి, ఏటి చల్లదనానికి చల్లారి మళ్లీ రావాలి. ఏరు బయటే ఉంటుంది. గాలి కూడా ఇంజను గదిలోని వేడిగాలి కాకుండా బయటి నుంచి రావాలి. ఇవన్నీ అయ్యాక కింద నీళ్లలో తిరిగే ఫ్యాను సరిపోయిందో లేదో చూడండి. అది పాత ఇంజనుకి పెట్టిన ఫ్యాను. దాన్ని మారిస్తేనే మీకు కావలసిన లాగుడు వచ్చేయవచ్చు. పంపు జోలికే వెళ్లక్కర్లేకపోవచ్చు.

అయినా చాలకపోతే అప్పుడు పంపు. కొంచెమే. తిప్పిన ప్రతిసారీ ఇసక బస్తాలు ఎక్కించి, ఎర్రనీరు రాకముందే, జనం లేకుండా, ఎదురు ప్రవాహంలో నడిపి చూడండి. ఒకేసారి రెండు మార్చొద్దు, తేడా వస్తే దేనివల్లో తెలియదు. నల్లపొగ మొదలైందంటే డీజిల్ ఎక్కువై గాలి చాలలేదని అర్థం. అక్కడ ఆగిపోవడం కాదు, అక్కడి నుంచి వెనక్కి రావాలి. ఇంజను ఇవ్వగలిగినదంతా తీసేసుకోవద్దు నాన్నా. కొంత దాని దగ్గరే ఉంచాలి. లంగరు మాత్రం తాడుతో సహా ఎప్పుడూ చేతికందేలా ఉండాలి.

ఇంతవరకూ రాయడం నాకు తేలిక. ఇది నా పని. ఇక రాయాల్సిన ఒక్క మాట దగ్గర చాలాసేపు కూర్చున్నాను.

కొత్త ఇంజనుతో పడవ నడిపిన రోజు అన్నయ్య నాకు వీడియో పంపాడు. నువ్వు పాయ అంతా గట్టిగా లాగించుకుని వచ్చావు. రేవు ఇంకా దూరంగా ఉండగానే ఇంజను ఆపేశావు. పడవ తనంతట తాను జారుకుంటూ వచ్చి, కుదుపు లేకుండా మెట్టుకి ఆనింది. అది చూసి ఎంత సంతోషపడ్డానో! పక్కనున్న నర్సు పిల్లలకి కూడా చూపించాను, మా నాన్న ఇలా కడతాడు అని.

తర్వాతి వారం భద్రం బాబాయి లారీని మా షెడ్డుకి లాక్కొచ్చారు. ఎవరో బయట పంపు పెంచారట. రాయి వేసుకుని కొండెక్కుతుంటే నడుమలో ఉన్నట్టుండి లాగుడు పోయింది. బండి వెనక్కి జారింది. పక్కన మట్టిగట్టు ఉంది కాబట్టి దానికి ఆనించి బతికాడు. టర్బో విప్పితే ఇరుసు నల్లగా మాడి ఉంది.

"బాబాయ్, కొండెక్కాక ఏం చేసేవాడివి?" అని అడిగాను.

"ఏం చేస్తానమ్మా, పైన టీకొట్టు కాడ ఆపీసి, దిగి టీ తాగేవోణ్ణి. అంత ఎత్తు ఎక్కింది కదా, పాపం దానికీ కాస్త రెస్టు ఇద్దారని."

రెస్టు ఇచ్చాననే అనుకున్నాడు. టర్బో అంటే ఇంజను వదిలే పొగ ఊపుకి తిరిగే చిన్న చక్రం నాన్నా. అది గాలిని లోపలికి తోస్తుంది. గట్టిగా లాగినప్పుడు ఎర్రగా కాలుతుంది. దాని ఇరుసుని కాపాడేది ఇంజను తోసే ఆయిలు ఒక్కటే. ఇంజను ఆపగానే ఆయిలు రావడం ఆగిపోతుంది. చక్రం ఇంకా తిరుగుతూనే, కాలుతూనే ఉంటుంది. ఇరుసులో మిగిలిన ఆయిలు మాడి బొగ్గవుతుంది. ఒక్కసారికి ఏమీ తెలియదు. రోజూ జరిగితే ఒకనాడు పట్టేస్తుంది. ఆ నాడు వరద నాడు కాకూడదు.

ఆ మాడిన ఇరుసు చేతిలో పట్టుకుంటే నాకు నీ వీడియో గుర్తొచ్చింది.

రేవులో ఇంజను ఆపకు నాన్నా. జారుకుంటూ రావడం మానొద్దు, అది మంచిదే. ఇంకాస్త దూరం నుంచే తగ్గించేయి, గేరు తీసేయి. ఇంజనుని మాత్రం చిన్నగా తిరగనివ్వు. పడవ కట్టేశాక కూడా, నువ్వు చుట్ట వెలిగించి నాలుగు దమ్ములు లాగేంతసేపు దాన్ని అలా ఉండనిచ్చి, అప్పుడు ఆపు. వరదలో అయితే ఇంజను తిరుగుతూ ఉండటం నీకే అవసరం. మెట్టు తప్పితే ఇంజను మళ్లీ మొదలయ్యేదాకా ఏరు ఆగదు.

ఏం పోతుందో నాకు తెలుసు. ఆ నిశ్శబ్దం పోతుంది. మనం లంకలో ఉన్న రోజుల్లో బడికి నన్ను పడవలో తెచ్చేవాడివి. దారంతా ఇంజను మోత. రేవు కనపడగానే ఆపేసి, "ఇప్పుడు చెప్పమ్మా, వినపడుద్ది" అనేవాడివి. పడవ మెట్టుకి ఆనేలోపు నేను పాఠం అప్పజెప్పేదాన్ని. తప్పు చెప్పినా నీకు తెలిసేది కాదు. కానీ నువ్వు వింటున్నావని తప్పు చెప్పేదాన్ని కాదు. మన ఇంట్లో చదువు అక్కడే మొదలైంది. ఆ చదువుతోనే ఇవాళ ఆ నిశ్శబ్దాన్ని వదులుకోమని నిన్ను అడగాల్సి వచ్చింది. నాకు బాధగానే ఉంది. కానీ ఈసారి అత్తకి నీ పడవ తిరిగిపోవడం కాదు, రావడం కనపడాలి.

అమ్మకి, అత్తకి నా దండాలు చెప్పు. మేస్త్రీ గారికి కూడా చెప్పు, నా మీద కోపం పెట్టుకోవద్దను. వదినకి గళ్ల చీర పంపాను. ఎండురొయ్యలు పంపొద్దని అమ్మకి చెప్పు. పోయినసారి భద్రం బాబాయి సంచి తెరిస్తే విమానాశ్రయంలో అందరూ దూరం జరిగారట. చింతకాయ తొక్కు చాలు. వచ్చే శనివారం వాడపల్లి గుడికి వెళ్తే నా పేరు చెప్పి దండం పెట్టుకో. ఇక్కడ నేను ఏ పని మొదలుపెట్టినా ముందు నిన్నూ అమ్మనీ తలుచుకునే మొదలుపెడతాను. ఈ పనికి కూడా మీ దీవెన కావాలి.

ఏరువాక పున్నమికి ముందు వచ్చే శుక్రవారం నాకు జవాబు కావాలి నాన్నా. శుక్రవారం మాకు సెలవు. పొద్దున్నే ఫోను దగ్గర పెట్టుకుని కూర్చుంటాను. మొదటి రేవు దాటించి, పడవ కట్టి, అక్కడి నుంచే ఫోను చెయ్యి. నీకు మాట రాకపోతే మాట్లాడక్కర్లేదు. నీ వెనకాల ఇంజను చిన్నగా తిరుగుతున్న చప్పుడు వినపడితే చాలు. ఆ మోతలో నా మాట నీకు అందదేమోననుకోకు. ఈసారి నేనే గట్టిగా చెబుతాను.

నీ కూతురు,
సత్యవేణి