సున్నా చేసిన మీటరు

11 ఫిబ్రవరి 2002, సోమవారం

ట్రెడ్‌మిల్ టెస్ట్ మూడో నిమిషంలోనే ఆపేశారు. రోజూ అరగంట వ్యాయామం చెయ్యకపోతే, గోపాలరావుగారూ, మళ్లీ నా దగ్గరికి రావలసిన అవసరం కూడా ఉండదన్నాడు డాక్టరు. నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. నాన్న యాభై నాలుగో ఏట గుండె ఆగి పోయాడు. నాకు యాభై మూడు నిండాయి. భయంగా ఉంది. ఈ మాట ఇక్కడ తప్ప ఎక్కడా ఒప్పుకోను.

నడవండి అంటుంది మా ఆవిడ పార్వతి. ఎక్కడ నడవాలి? బ్యాంకు ఇచ్చిన VRS డబ్బుతో శామీర్‌పేట అవతల ఇల్లు కట్టుకున్నాం గానీ కాలనీకి ఇంకా రోడ్డే లేదు. గేటు దాటితే కుక్కలు, కుక్కల్ని దాటితే కరీంనగర్ రోడ్డు మీద లారీలు. ఇంట్లోనే తొక్కే సైకిలు కొంటానన్నాను. కొనండి, బట్టలు ఆరేసుకోవడానికి పనికొస్తుంది అంది.

16 ఫిబ్రవరి

అల్వాల్‌లో రెండు షాపులు తిరిగాను. చవకదానికి సీటు బాగుంది, తొక్కితే ఫ్రేమంతా ఊగింది. గట్టిదానికి పల్స్ చూపించే హ్యాండిల్ ఉంది. ధర చెప్పగానే పల్స్ పెరిగింది. ఏది కొన్నా ఫ్లైవీల్, అంటే ముందుండే చక్రం, బరువు చూసుకోండి, తేలికదైతే మోకాళ్లు పట్టేస్తాయి అన్నాడు షాపతను. అది ఒక్కటే ఇవాళ్టి లాభం.

24 ఫిబ్రవరి, ఆదివారం

దొరికింది. మాకు ప్లాటు అమ్మిన మహేష్‌ది అలియాబాద్. వాళ్ల నాయన జనార్ధన్‌గారు వాడిన సైకిలు వరండాలో ఊరికే పడి ఉందన్నాడు. కొత్తదాని ధరలో నాలుగో వంతు. చక్రం బరువైనది, ఒకసారి తిప్పి వదిలితే ఎంతసేపటికీ ఆగదు. నాయన డిసెంబర్‌లో పోయాడట. అమ్మ మేడ్చల్‌లో తన చెల్లెలి ఇంట్లో ఉంది, వచ్చేలోపే తీసుకుపొమ్మని తొందరపెట్టాడు. చూస్తే బాధపడుతుంది కాబోలు అనుకున్నాను.

మీటరు 118 కిలోమీటర్లు చూపిస్తోంది. ఇంటికి రాగానే నాబ్ తిప్పి సున్నా చేశాను. ఇరవై తొమ్మిదేళ్లు బ్యాంకులో కూర్చున్నవాణ్ణి. ఇంకొకరి అంకె మీద నా అంకె ఎక్కించుకోవడం నా వల్ల కాదు.

25 ఫిబ్రవరి

పది నిమిషాలు. రెండు కిలోమీటర్లు. కళ్లు తిరిగాయి.

1 మార్చి

మీటరు తప్పు చూపిస్తోంది. పొద్దున తొమ్మిది కిలోమీటర్ల దగ్గర దిగాను. సాయంత్రానికి పదకొండు. నువ్వు తొక్కావా అని అడిగితే పార్వతి తన మోకాళ్లు చూపించింది.

6 మార్చి, సాయంత్రం 4

రోజూ ఇదే వరస. మధ్యాహ్నం భోంచేసి కునుకు తీసి లేచేసరికి రెండు పెరుగుతున్నాయి. ఇంకే వేళలోనూ పెరగవు. మెకానిక్ వచ్చి కేబుల్ ఊడదీసి చూశాడు. పెడల్ తిరక్కుండా అంకె తిరిగే మార్గమే లేదన్నాడు.

అతను వెళ్లాక సీటు మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది.

17 మార్చి, ఆదివారం

మహేష్ తల్లి రాధమ్మ ఆటోలో వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. సైకిలు చూడాలి, మీటరు ఎంతుందో చూడాలి అంది. సున్నా చేశానండీ, ఫ్రెష్‌గా మొదలుపెట్టాను అన్నాను గొప్పగా. అప్పుడు నేల మీద కూలబడింది.

మనవరాలు భవితకు మెదడువాపు వచ్చినప్పుడు జనార్ధన్‌గారు కొమురెల్లి మల్లన్నకు మొక్కుకున్నారట, పిల్ల బతికితే నడిచి వస్తానని. పిల్ల బతికింది. ఈలోపు ఆయనకు బైపాస్ అయింది, అంత దూరం నడక బంద్. అందుకని ఈ సైకిలు తెప్పించుకుని, పోను అరవై, రాను అరవై అని లెక్క పెట్టుకుని వరండాలోనే మొక్కు తీర్చుకుంటున్నారట. ఇంక రెండు కిలోమీటర్లు ఉండగా సీటు మీదనే పోయారు. ఆ రెండూ జాతర ముగిసే ఉగాదిలోపు తానే తొక్కుదామనుకుంది రాధమ్మ. కొడుకు అమ్మేశాడు.

సైకిలు ఇప్పుడే తిరిగి పంపిస్తాను అన్నాను. వద్దంది. ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను:

"మీరు గీడ సున్న వెట్టిండ్రు, సారు. ఆయన గీడికెల్లి మళ్ల మొదలుపెట్టిండు. నడిమిట్ల తిప్పొద్దు. మొక్కుకు వోయినోడు బయలెల్లిన ఇంటికే తిరిగొస్తడు."

వెళ్లేముందు హ్యాండిల్ పట్టుకుని, గింత దూరం ఎట్ల తొక్కుతవయ్య అంది. నాతో కాదు.

18 మార్చి

ఈ రోజు నుంచి నేను తొక్కను.

26 మార్చి

డాక్టరు రిపోర్ట్ రెండుసార్లు చూశాడు. గుండె బాగా మెరుగైందట. ఏం చేస్తున్నారో అదే చెయ్యండి అన్నాడు. నేనేమీ చెయ్యడం లేదే అని బస్సులో పార్వతితో అన్నాను.

ఆమె వింతగా చూసింది. రోజూ భోజనం అవగానే ఎక్కుతారుగా అంది. కళ్లు సగం మూసుకుని తొక్కుతానట. పిలిస్తే పలకనట. దిగి వచ్చి మంచం మీద వాలతానట. నిన్న మాత్రం పలికానట, జర సల్లటి నీళ్లియ్యమని. మీటరు సంగతి అడిగినప్పటిలాగే, ఈ ఊరి మాటలతో వేళాకోళం చేస్తున్నాననుకుందట.

నాకు ఏదీ గుర్తు లేదు. పిక్కలు మాత్రం నొప్పిగా ఉన్నాయి.

30 మార్చి

మధ్యాహ్నం ఇంట్లో ఉండకపోతే సరిపోతుందనుకున్నాను. మూడు రోజులు భోజనం కాగానే బస్సెక్కి కండ్లకోయ దాకా పోయి, కాలేజీ బస్సులు తిరిగొచ్చేదాకా హోటల్లో కూర్చున్నాను. మీటరు కదల్లేదు.

ఇవాళ మెట్లు ఎక్కుతుంటే ఛాతీలో పట్టేసింది. ఎడమ చెయ్యి లాగింది. మళ్లీ మొదటికొచ్చానన్నమాట.

31 మార్చి

భోంచేసి పడుకున్నాను. నేనే పడుకున్నాను, ఎవరూ బలవంతపెట్టలేదు. నాకు బతకాలని ఉంది.

లేచేసరికి నొప్పి లేదు. ఒక్క పూటలో ఎనిమిది పెరిగాయి. ఆగిన రోజులవి కూడా తొక్కినట్టున్నాడు.

6 ఏప్రిల్

మీటరు 118. రేపు ఉగాది ముందు ఆదివారం. మంచానికి కాళ్లు కట్టెయ్యమని పార్వతిని అడుగుదామనుకున్నాను. ఆ మెట్లు గుర్తొచ్చి ఊరుకున్నాను. ఆమెకు ఇదేదీ చెప్పలేదు. చెప్పాలి. రేపు సాయంత్రం లేచాక చెప్తాను.

7 ఏప్రిల్

పోయిన. దర్శనమైంది. తిరిగి ఇల్లు చేరిన.

గీ ఇంటాయన నడుమ దాంక నాతోటి మంచిగనే ఒచ్చిండు. దమ్మొచ్చి రోడ్డు పొంటి కూసున్నడు. జర ఆగుమన్నడు. పొద్దువోతాందని నేనొక్కన్నే ఒచ్చేసిన.

ఆమెకు ఎట్ల జెప్పాలె. ఏమండీ అనుకుంట కాఫీ తెచ్చిచ్చింది. తాగిన.