మంచినీళ్ల మొక్కకు తోకలు

ఆదివారం, మధ్యాహ్నం

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ నేనూ పాపా క్షేమం. అక్కడ మీరూ, మీ సంచిలోని ఆకులూ క్షేమమని తలుస్తాను. ఫోను చేస్తే సగం మాటకే మీటింగంటారు. అందుకే ఈ ఉత్తరం మీ దగ్గరికొస్తున్న డ్రైవరు చేతికిస్తున్నాను.

పాపకు కింది పన్ను ఊడింది. వంటింటి కుళాయి కారడం మానలేదు. ఇక అసలు సంగతి, మీ సహాయకురాలు కళ్లజోడమ్మాయి.

ఆమె చేరిననాటి నుంచి నాకు కడుపు మండుతూనే ఉంది, దాచడమెందుకు? అన్నం దగ్గర కూడా మీ నోట ఆమె గొప్పే. ఉప్పునీళ్లు పోసిన టమాటా ఆకును ఎంత సుతారంగా తరుగుతుందో, కరెంటు పెట్టాక తెగిన డీఎన్ఏ తోకలా సాగితే ఆ తోకను ఎంత ఓపిగ్గా కొలుస్తుందో. నేనూ ఇన్నేళ్లుగా కూరలు తరుగుతున్నాను, ఒక్కనాడూ మెచ్చుకున్న పాపాన పోలేదు మీరు. పైగా ఇద్దరూ చీకటిగదిలో పని చేస్తారట. లైటు పడని శాస్త్రమేమిటండీ అని పైకి నవ్వాను గానీ లోపల ఉడికిపోయాను.

ఆవేళ మీరు మరిచిపోయిన టిఫిన్ డబ్బా నేను ల్యాబు గేటు దగ్గర ఇచ్చి వెళ్లాననుకుంటున్నారు. లేదు, లోపలికే వచ్చాను. గదిలో ఎవరూ లేరు. మసక పసుపు దీపం, ఆనుకుని రెండు కుర్చీలు, మీ కుర్చీ మీద ఆమె శాలువా. డబ్బా బల్ల మీద పెట్టి వచ్చేశాను.

మర్నాడు మీరు చిందులు తొక్కారు. మంచినీళ్లు పోసిన మొక్కలకూ తోకలొచ్చాయని, ఇక ఉప్పు చేసిన చెడు ఎంతో తేలదని, అంతా ఆ అమ్మాయి అజాగ్రత్తేనని. ఆమెను తీసేయమన్న కాగితం మంగళవారం ఇస్తానని ఊరెళ్లారు. మీరు గుమ్మం దాటగానే నేను కూనిరాగం తీశాను.

నిన్న ఆమె ల్యాబు తాళాలివ్వడానికి వచ్చింది. గుమ్మంలోనే నిలబెట్టి, చీకటెందుకని అడిగాను. గట్టి వెలుతురుకు కూడా డీఎన్ఏ తెగుతుందట. అప్పుడు ఏది ఉప్పు దెబ్బో, ఏది లైటు దెబ్బో తెలియదట. మైక్రోస్కోపు ఒక్కటే కాబట్టి ఒకరు చూసి చెబుతుంటే ఒకరు రాసుకుంటారట, కుర్చీలు అందుకే దగ్గరట. ఆ శాలువా మీరే నడుంనొప్పికి అడిగి తీసుకుని వెనక పెట్టుకుంటారట. మీ నడుంనొప్పి సంగతి నాకు ఆమె చెప్పాల్సి వచ్చింది.

ఆ కాగితం ఇవ్వకండి.

ఇట్లు,
మీ ఇల్లాలు

తా.క.: ఆ గదిలో ట్యూబులైటు వేసింది నేనే. ఇకనైనా వెలుతురులో కూర్చుని ఏడవండి అనుకుని, ఆపకుండా వచ్చేశాను. స్లైడుల ట్రే సరిగ్గా దాని కిందే ఉంది. నిన్న ఆమెతో చెప్పేశాను. ఆమెకు ముందే తెలుసట. లైటూ, బల్ల మీద మన డబ్బా చూసి, కాసేపేగా, ఏమీ కాలేదేమో అనుకుని ఆపేసిందట. మనింట్లో గొడవలెందుకని, నేను గేటు దగ్గరే ఇచ్చి వెళ్లానని మీతో అబద్ధమాడిందట. ఉద్యోగం పోతున్నా నోరు విప్పలేదు. ఇన్నాళ్లూ ఆమె పనితనం చూసి ఏడ్చాను. ఇక ఆమె మంచితనం చూసి కూడా ఏడవాలి కాబోలు.