సారమ్మ ముఠా బ్యానరు

చెరుకుపల్లి

తెనాలి ఆర్టిస్టు చిట్టిబాబు అన్నయ్యగారికి,

ప్రభువు నామంలో వందనాలు. నా పేరు సారా, నాట్లు వేసే ముఠాకి మేస్త్రిని. కోత పండగకి మా ముఠా పదకొండు మందిమీ బ్యానరు పట్టుకుని చర్చి దాకా నడుస్తాం. పోయినేడు ఫ్లెక్సు వేయిస్తే పండగ మర్నాడే ఎవరో గడ్డివాము మీద కప్పేశారు. ఈసారి గుడ్డ మీద, చేత్తో వేసింది కావాలి. మేం నాటేసే బొమ్మ. ముందు పెన్సిలుతో గీసి పంపండి. ఫోనులో వద్దు, చేత్తో పట్టుకుంటేగాని మావాళ్లకి చూసినట్టుండదు.

ఇట్లు మీ సహోదరి,
సారా

తా.క.: సూర్యుణ్ణి వేయకండి. ఏడాదంతా ఎండలోనే చస్తున్నాం, బొమ్మలోనైనా కాస్త మబ్బు పట్టించండి.

---

తెనాలి

సారమ్మగారికి నమస్కారం.

ఫ్లెక్సులొచ్చాక నాకు గుడ్డ పని రావడం ఇదే మొదలు. ఇదీ పోతే మా బావమరిది ఫ్లెక్సు షాపులో కంప్యూటరు ముందు కూర్చోవాలి. నావల్ల కాదు. అందుకే బాపట్ల బస్సెక్కి, దారిలో నాట్లు పడుతున్న చేను కనబడితే దిగిపోయి, గట్టు మీద కూర్చుని గీశాను. చూసి చెప్పండి.

ఇట్లు,
చిట్టిబాబు

తా.క.: మబ్బు పెట్టాను. కావాలంటే చినుకులు కూడా పడతాయి.

---

చెరుకుపల్లి

అన్నయ్యగారికి వందనాలు.

బొమ్మ బాగుంది. వరి వరిలాగే ఉంది. కానీ మీరు వెనకవైపు గట్టు మీద కూర్చున్నట్టున్నారు. ఒక్క మొహం లేదు, అన్నీ వంగిన నడుములే. పాస్టరుగారికి చూపిస్తే ఒకసారి చూసి కళ్లజోడు తీసేశారు. పండగపూట వీధిలో అలా ఎలా నడుస్తాం? మా అమ్మాయి మనీషా తీసిన ఫోటో పంపుతున్నాను. మొహాలు కనబడాలి.

మీ సహోదరి సారా

తా.క.: ఫోటోలో కళ్లు మూసుకున్నది సువార్తమ్మ. ఎవరు ఫోటో తీసినా ఆమె అంతే. మీరే తెరిపించాలి.

---

తెనాలి

చెల్లెమ్మకి నమస్కారం.

అందరినీ నిలబెట్టి మొహాలు గీశాను. సువార్తమ్మగారికి కళ్లు తెరిపించి ముందు పెట్టాను. సరేనంటే గుడ్డ మీదికి ఎక్కించేస్తాను. చూశాక బొమ్మలు రెండూ తిప్పి పంపండి, నా దగ్గర కాపీ లేదు.

మీ అన్నయ్య చిట్టిబాబు

తా.క.: మనుషులకంటే మబ్బే బాగా కుదిరిందని మా ఆవిడ అంటోంది. పట్టించుకోకండి.

---

చెరుకుపల్లి

అన్నయ్యా, వందనాలు.

మొహాలు అచ్చుగుద్దినట్టు దించారు. కానీ మా రైతు వెంకటప్పయ్యగారు చూసి, "బాగుందమ్మా, నేనొచ్చేసరికి మీరెప్పుడూ ఇట్టాగే నిలబడి ఉంటారు" అన్నారు. చేతుల్లో నారుకట్టలు పెట్టండి. పైగా సువార్తమ్మ ముందుంటే దీనమ్మ ఊరేగింపుకి రానంటోంది. దీనమ్మని ముందు పెట్టి ఒకటి, కరుణమ్మని పెట్టి ఒకటి, అలా వరసగా అందరినీ గీసి పంపండి. ఏది బాగుంటే అది ఖాయం.

చెల్లెలు సారా

తా.క.: పాత బొమ్మల సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

---

తెనాలి

ముఠా మేస్త్రి సారాగారికి,

మీరడిగినవన్నీ గీసి పంపాను. ఒక్కటీ తిరిగి రాలేదు. పండగ దగ్గరకొచ్చేసింది, గుడ్డ గోడకి ఖాళీగా వేలాడుతోంది. "నీ బొమ్మలు వాళ్లు రేపల్లెలో ఫ్లెక్సు కొట్టించుకుంటున్నారయ్యా" అని మా బావమరిది నవ్వుతున్నాడు. నాకూ అదే అనుమానం. చాలా బాధగా ఉంది. కాదంటే బొమ్మలు పంపండి. అవునంటే సోమవారం నుంచి షాపుకి పోతాను.

చిట్టిబాబు

తా.క.: ఆ మబ్బు మాత్రం ఫ్లెక్సులో రాదు.

---

చెరుకుపల్లి

అన్నయ్యా, షాపుకి పోకండి.

రేపల్లె గడప కూడా తొక్కలేదు. చెప్పడానికి మొహమాటపడ్డాను. వేసవిలో మా ముఠా పెద్దావిడ ఎలీశమ్మ పోయింది. ఆమె పేరున జరిపిన ఆదరణ కూడికలో పెట్టడానికి ఫోటో లేదు. ఆధార్ కార్డులోది పెద్దది చేయిస్తే, వచ్చినవాళ్లు "ఈవిడెవరు?" అని అడిగారు. మాకు ఏడుపొచ్చింది. మీ మొహాల బొమ్మ రాగానే సువార్తమ్మ, "నేను పోయాక ఇది పెట్టండే" అని చీరల పెట్టెలో దాచేసింది. ఇక మిగతావాళ్లు ఊరుకుంటారా? ఎవరు ముందున్న బొమ్మ వాళ్లింటికి పోయింది. అడిగితే ఒక్కరూ ఇవ్వరు. నాది నేనూ ఇవ్వను.

నడుముల బొమ్మ ఒక్కటే ఎవరూ దాచుకోలేదు, పంపుతున్నాను. అందులోంచి ఆ నడుముల్ని చెరిపేసి, చేను మాత్రం గుడ్డ మీద వేయండి. పట్టుకుని నడిచేది మేమే కదా, మొహాలు మేం తెచ్చుకుంటాం.

మీ చెల్లెలు,
సారా

తా.క.: పొన్నూరు ముఠావాళ్లు మా ఇళ్లలో బొమ్మలు చూసి వెళ్లారు. వాళ్లకీ బ్యానరు కావాలట. ముందు పెన్సిలువి పంపమంటున్నారు, బ్యానరుకి తొందరేం లేదట. వాళ్లు ఇరవై ముగ్గురు.